అవతలి వైపు మాటలు

జూన్ 3

వదినా,

చేరాను. దారిలో తినమని నువ్వు కట్టిచ్చిన మూటలో సగం నేను తిన్నాను, సగం ఎదుటి సీట్లో పిల్లలు లాగించారు. వాళ్ళమ్మ మొహమాటపడుతూనే డబ్బా ఖాళీ చేసి ఇచ్చింది. నీ చేతి వంటకి కొత్త అభిమానులు దొరికారని సంతోషించు.

ఫోన్ చెయ్యకుండా ఈ ఉత్తరాల చాదస్తం ఏమిటని అన్నయ్య అంటాడు, తెలుసు. ఫోన్ చెవి దగ్గర పెట్టుకుంటే నాకు డ్యూటీ ఎక్కినట్టే ఉంటుందని చెప్పు. రిటైరయ్యాక కూడా అవతలి వాళ్ళు క్షణం ఆగితే చాలు, "లైన్లో ఉండండి" అని నోట్లోంచి దానంతటదే వచ్చేస్తోంది. పైగా నువ్వు ఫోన్లో మాట్లాడితే వీధి వీధంతా వింటుంది. ఉత్తరమే నయం.

ఇక ఇక్కడి సంగతి. నీ కడుపున పుట్టి నా ఒళ్ళో పెరిగిన పిట్ట ఇప్పుడు మన నాటకాన్ని సినిమా తీసే డైరెక్టరు కదా, దాన్ని చూస్తే నాకు నవ్వూ వస్తోంది, కళ్ళమ్మట నీళ్ళూ వస్తున్నాయి. ఇంత పొడుగు మనుషులు దాని చుట్టూ నిలబడి "మేడమ్, లైటు ఇక్కడా అక్కడా" అని అడుగుతుంటే అది గోళ్ళు కొరుక్కుంటూ ఆలోచించి చెబుతుంది. ఆ గోళ్ళు కొరికే అలవాటు మాన్పించలేకపోయాం మనం.

సెట్టు చూస్తే నువ్వు నమ్మవు. ఇన్నేళ్ళూ నేను స్టేజీ మీద ఒక అట్టకి నాలుగు తాళ్ళు కట్టి, ఇదే టెలిఫోన్ ఎక్స్ఛేంజి, ఇదే బోర్డు అని జనాన్ని నమ్మించాను. వీళ్ళు అచ్చం నేను పనిచేసిన బోర్డే కట్టేశారు. తీగలు దూర్చే కన్నాలు, కన్నం కన్నానికీ చిన్న దీపం. కాల్ వస్తే వెలుగుతుంది కూడా! చూడగానే నా చెయ్యి హెడ్‌ఫోన్ మీదికి వెళ్ళిపోయింది. పిట్ట అది చూసి మూతి బిగించుకుని అటు తిరిగింది. ఏడ్చిందేమో మరి, డైరెక్టర్లు ఏడవకూడదట.

చిక్కల్లా ఒక్కటే. స్టేజీ మీద నేనొక్కదాన్నే. ఆపరేటర్ మాటలే జనానికి వినబడతాయి, అవతలి వాళ్ళు ఏమన్నారో ఎవరికి వాళ్ళు ఊహించుకుంటారు. సినిమాకి అలా కుదరదట. తెర మీద చూపించినా చూపించకపోయినా అవతల ఉన్నది ఎవరు, ఏ గదిలో ఉన్నారు, ఏమంటున్నారు, అన్నీ తెలియాలంటోంది పిట్ట. నాకేం తెలుసు! ఆ మాటలన్నీ నీవి. నువ్వు వంటింట్లో పీట మీద కూర్చుని గరిటె చెవి దగ్గర పెట్టుకుని నోటికొచ్చింది అనడం, నేను గోడకి ఆనుకుని బదులివ్వడం, ఆ తర్వాత నీ మాటలు తీసేసి నా మాటలు స్టేజీ ఎక్కించడం. అలా కదూ పుట్టింది ఈ నాటకం! సగం మా వదినదే అని ఎక్కడికెళ్ళినా చెబుతూనే ఉన్నాను. అందరూ అది నా వినయం అనుకుంటారు.

కాబట్టి తల్లీ, ఏ ఫోన్లో ఏమనేదానివో గుర్తున్నంత వరకు రాసి పంపు. ఇక్కడ జీతాలు తీసుకుంటున్న రచయితలు ఇద్దరున్నారు, నీ ముందు దిగదుడుపే.

నీ ఆడపడుచు


జూన్ 8

అమ్మడూ,

ఉత్తరం అందింది. ముందు ఒంటి సంగతి చూసుకో. ఆ లైట్ల వేడికి నీకు తలనొప్పి రాకుండా ఉండదు. నీ మాత్రలు చిన్న సంచి పక్క అరలో పెట్టాను. నువ్వు పెద్ద సంచంతా బోర్లించి వెతుక్కుని, నన్ను తిట్టుకుని, చివరికి అక్కడ చూస్తావని నాకు తెలుసు.

ఇల్లు మామూలే. మీ అన్నయ్య నిన్న మిక్సీ శబ్దం చేస్తోందని విప్పాడు. ఇప్పుడు శబ్దం లేదు. మిక్సీ కూడా లేదు. మరలన్నీ పేపరు మీద పరిచి పెట్టుకుని, ముట్టుకుంటే ఊరుకోనని నన్ను హాలు గుమ్మం దాటనివ్వడం లేదు. నువ్వుంటే నాటకం ఆడి ఎలాగో లేపేదానివి.

సగం నాది అని ఊరంతా చెప్పకు. పొయ్యి ముందు కూర్చున్న మనిషి ఊసుపోక అన్న మాటలు అవి. నువ్వు స్టేజీ ఎక్కావు, చెమటలు కక్కావు, ఊళ్ళు తిరిగావు. నేను గరిటె తిప్పాను.

అడిగావు కాబట్టి రాస్తున్నాను. మొదటి ఫోను, సరుకు రాలేదని గొడవపడే షాపాయన: "అయ్యా, లారీ బయలుదేరిందన్నారు, లారీ ఏమైనా కాశీకి పోయిందా? నా గిరాకీలు పక్క షాపుకి పోతున్నారు, వాడు నన్ను చూసి పళ్ళికిలిస్తున్నాడు." ఇలా సాగేది. నువ్వు మధ్యలో దూరి "టైము అయిపోతోంది సార్" అనేదానివి.

రెండోది, మొగుడితో ఫోన్లో పోట్లాడే ఆవిడ. ఆ మాటలు నేను కల్పించినవేం కాదు. ముందు రోజు మీ అన్నయ్యకీ నాకూ పడ్డ గొడవే. "డబ్బు పంపానంటావు, పంపింది ఏ మూలకి వస్తుంది? నీకు అక్కడ ఒక్క పొట్ట, నాకిక్కడ నాలుగు." అది వింటూ ఆయన హాల్లోంచి "ఎవరే ఆ మొగుడు, పాపం" అని అడిగాడు, గుర్తుందా? తనే అని ఇప్పటికీ తెలియదు.

మూడోది, రోజూ ఫోన్ చేసి టైమెంతయిందని అడిగే పెద్దాయన. గోడ గడియారం ఉంది, చేతికి వాచీ ఉంది, అయినా అడుగుతాడు. "నువ్వు చెబితే నమ్మకం అమ్మా" అంటాడు. అంతకంటే ఏమీ అనడు.

ఆఖరి ఫోను గురించి రాయడానికేం లేదు. అక్కడ నేనెప్పుడూ పాలు చూసుకోవడానికి లేచేదాన్ని కదా. అది వదిలెయ్.

పిట్ట సరిగ్గా తింటోందో లేదో చూడు. అడిగితే తిన్నానంటుంది. నమ్మకు.

వదిన


జూన్ 15

వదినా,

నీ మాటలు ఇక్కడ అందరి ముందూ చదివి వినిపించాను. లారీ కాశీకి పోయిందా అన్నచోట కెమెరా ఆయన పొట్ట పట్టుకున్నాడు. రచయితలిద్దరూ మాత్రం ముఖాలు ముడుచుకుని రాసుకున్నారు. మాత్రలు దొరికాయి. పెద్ద సంచి బోర్లించాకే.

మొదటి మూడు ఫోన్ల సీన్లూ అయిపోయాయి. మొదట్లో తంటాలు పడ్డాను, దాచేదేముంది. ఆఖరి వరసకి వినబడాలని గొంతెత్తి మాట్లాడతానా, సౌండు చూసే ఆవిడ పరిగెత్తుకొచ్చి, "అమ్మా, ఇంత వద్దు, మీ పక్కన కూర్చున్న మనిషితో అన్నట్టు అనండి" అంది. ముఖానికి నేనే రంగేసుకుని తయారై వెళ్తే, మేకప్ ఆయన దూది పెట్టి మొత్తం తుడిచేసి, వట్టి ముఖంతో కూర్చోబెట్టాడు. ఇదేం మేకప్ అంటే, మీ ముడతలే కావాలన్నారు మేడమ్ అన్నాడు. ఈ వయసులో నా ముడతలకి గిరాకీ వచ్చింది చూడు.

అసలు కష్టం ఆఖరి ఫోను దగ్గర వచ్చిపడింది. కూతురు తల్లికి ఫోన్ చేస్తుంది. ఆపరేటర్ ఇద్దరినీ కలిపి, "మాట్లాడండమ్మా, వింటున్నారు" అంటుంది. ఇక ఎవరూ మాట్లాడరు. ఆపరేటర్ రెండు వైపులా వింటూ అలా ఉండిపోతుంది. చివరికి తీగ లాగేస్తుంది, తెర పడుతుంది. అంతే కదా. నువ్వు పాలకని లేచి వెళ్ళి వచ్చేంతసేపు నేను గోడకి ఆనుకుని నోరు మూసుకుని నిలబడేదాన్ని, అదే అలవాటై స్టేజీ మీదకి ఎక్కింది. ఆ మౌనం గురించి పేపర్లో ఒకాయన సగం పేజీ పొగిడితే, అది చదివి మనిద్దరం నవ్వలేక చచ్చాం.

స్టేజీ మీద ఆ మౌనాన్ని నేను మోసేదాన్ని కాదు వదినా, ఎదురుగా కూర్చున్న జనం మోసేవాళ్ళు. చీకట్లో ఒకళ్ళు ముక్కు ఎగబీలిస్తే ఇంకొకళ్ళు సర్దుకు కూర్చునేవాళ్ళు. ఆ చప్పుళ్ళే నన్ను నిలబెట్టేవి. ఇక్కడ జనం లేరు. నా ముఖానికి మూరెడు దూరంలో ఒక అద్దం కన్ను. ఎన్ని టేకులు చేశామో అడగకు. ఎవరూ పల్లెత్తు మాట అనలేదు, అదే ఇంకా బాధగా ఉంది. ఆఖరికి పిట్ట వచ్చి నా పక్కన కూర్చుని, "అత్తా, నీ కళ్ళల్లో ఏమీ కనబడట్లేదు. అక్కడ ఏం ఆలోచిస్తావు నువ్వు?" అని అడిగింది.

ఏం చెప్పను? పాలు పొంగుతాయేమో అని ఆలోచిస్తాను అని చెప్పనా?

మేకప్ ఆయన చెవిలో ఒక మాట వేశాడు. నిర్మాతకి మొదట్నించీ ఈ వేషానికి పేరున్న హీరోయిన్ కావాలట. పిట్ట పట్టుబట్టి నన్ను పెట్టిందట. ఇప్పుడు ఈ ఒక్క సీనూ చూసి తేలుస్తానన్నాడు. ఈ నెలాఖరు సోమవారం ఆ హీరోయిన్ని కూడా తీసుకుని వస్తాడట. సీను నిలబడితే నేను, లేకపోతే ఆవిడ.

నాకు భయంగా ఉంది వదినా. నీతో కాక ఎవరితో చెప్పుకోను? ఇది నేను కన్న బిడ్డలాంటి నాటకం. దాన్ని ఇంకొకరి చేతుల్లో పెట్టి చప్పట్లు కొట్టమంటే కొట్టగలనా, ఏమో.

నీ ఆడపడుచు


జూన్ 19

అమ్మడూ,

భయపడకు. నువ్వు స్టేజీ మీద కరెంటు పోతే కొవ్వొత్తి పట్టుకుని నాటకం పూర్తి చేసిన మనిషివి.

పిట్ట నిన్న నాకు ఫోన్ చేసింది. నీ సంగతే. ఆఖరి సీన్లో అత్త ఏమనుకుంటూ నిలబడేది, నీకేమైనా తెలుసా అమ్మా అని గుచ్చి గుచ్చి అడిగింది. తెలియకేం, పాలు అని చెప్పేశాను. రిహార్సల్లో నేను పాలకోసం లేచేదాన్ని, ఆ ఖాళీయే అలా మిగిలిపోయింది, దానికి అర్థం పర్థం ఏమీ లేదు, తీసిపారెయ్యి అన్నాను. చాలాసేపు నవ్వింది. తర్వాత ఏదో ఆలోచనలో పడినట్టుంది, ఊఁ కొడుతూ పెట్టేసింది.

నువ్వు కూడా ఆ ముక్కని పట్టుకుని వేలాడకు. ఆ కాస్తా లేకపోతే సినిమా ఆగిపోతుందా? వాళ్ళు ఏదో ఒకటి పెట్టి నింపుకుంటారు. నీకు పేరు తెచ్చే సీన్లు ఇంకా బోలెడున్నాయి.

మిక్సీ సంగతి అడగలేదు నువ్వు. మీ అన్నయ్య బిగించాడు. రెండు మరలు మిగిలిపోయాయి. అవి అవసరం లేనివట, కంపెనీ వాళ్ళు దండగ్గా పెట్టారట.

వదిన


జూన్ 23

వదినా,

నీ ఉత్తరం రాకముందే నీ సలహా ఇక్కడ అమలైపోయింది.

పిట్ట ఆ మౌనాన్ని తీసేసింది. దాని బదులు అవతల కూతురికి పేజీడు మాటలు రాయించింది. ఆ కూతురుగా ఆ హీరోయినే వేస్తుందట. కెమెరా ఆవిడ మీద ఉంటుంది. నా చెయ్యి కనబడుతుంది, తీగ పట్టుకుని. ముఖం అక్కర్లేదట. "ఎందుకిలా చేశావే?" అంటే, "అమ్మే చెప్పింది అత్తా, అక్కడ ఏమీ లేదని" అంది.

నిర్మాతకి ఇది విని ఇంకా ఊపొచ్చింది. ఎలాగూ ఆవిడ వస్తోంది కదా, మొత్తం వేషమే ఆవిడకి ఇస్తే పోలా అన్నాడట.

ఇన్నాళ్ళూ ఇందులో సగం మా వదినది అని నెత్తిన పెట్టుకుని తిరిగాను. ఆ సగమే నన్ను తీసిపారెయ్యమంది. వేరే ఎవరు అన్నా ఇంత ఉండేది కాదు. ఆ ముక్కలో ఏమీ లేదన్నావే! జనం ఏడ్చింది దేనికి మరి? వాళ్ళందరూ వెర్రివాళ్ళా?

పెట్టె సర్దేశాను. పిట్ట బతిమాలుతోందని సోమవారం దాకా ఉంటున్నాను. ఆ తర్వాత రైలెక్కుతాను.


జూన్ 26

అమ్మడూ,

ఇది పోస్టులో వేస్తే సోమవారానికి అందదని మీ అన్నయ్యని కొరియర్ ఆఫీసుకి పంపుతున్నాను. చొక్కా మార్చుకోకుండానే వెళ్తానంటున్నాడు, ఏం రాస్తున్నావని మాత్రం అడగలేదు. నా ముఖం చూసి ఉంటాడు. ఇది చదివేదాకా రైలెక్కకు.

ముందు పిట్ట విషయం. దాన్ని తప్పు పట్టకు. నీ ముఖం మీద కెమెరా లేకపోతే నిర్మాతకి వంక దొరకదని, నువ్వు వేషంలో ఉండిపోతావని అలా రాయించింది. ఫోన్లో ఏడ్చి మరీ చెప్పింది. నిన్ను తీసేస్తే తనూ సినిమా వదిలేస్తానని ఆయన ముఖం మీదే అందట. అది నీకు చెప్పొద్దంది. చెప్పేశాను.

ఇక నా విషయం.

మన ఇంట్లో ఆ వేళప్పుడు పాలు ఎక్కడివి? పొద్దున పోయించుకున్న పాలు సాయంత్రం టీలకే చాలేవి కావు. మన రిహార్సల్ మొదలయ్యేసరికి వంటయిపోయి, గిన్నెలు కూడా కడిగేసి ఉండేవి. పొయ్యి చల్లగా ఉండేది. ఇన్నేళ్ళలో నీకు ఒక్కసారి కూడా అనుమానం రాలేదా? పొయ్యి మీద ఏముందో నువ్వు ఏనాడూ చూసి ఎరగవు కదా, అది నాకు కలిసొచ్చింది.

నేను పెరట్లో పంపు దగ్గరికి వెళ్ళి ముఖం కడుక్కుని వచ్చేదాన్ని.

మా అమ్మకి బాగాలేనప్పుడు మా తమ్ముడు ఆసుపత్రి నుంచి ఫోన్ చేయించాడు, గుర్తుందా? మనింట్లో ఫోన్ లేదప్పుడు. వీధి చివర మందుల షాపుకి ఫోన్ వస్తోందని కబురొస్తే పరిగెత్తాను. బోర్డు దగ్గర నువ్వున్నావు. ఆ రోజు లైన్లన్నీ పాడైతే ఎవరెవరినో పట్టుకుని, ఏ ఊరు మీంచో తిప్పి, నీ డ్యూటీ అయిపోయినా సీట్లోంచి లేవకుండా కలిపావట. నీతో పనిచేసే ఆవిడ తర్వాత చెప్పింది. నువ్వు చెప్పలేదు.

ఫోన్ చెవికి పెట్టుకోగానే అమ్మ ఊపిరి వినబడింది. నా వెనక మందులకోసం జనం నిలబడి ఉన్నారు. షాపాయన నన్నే చూస్తున్నాడు. నాకు ఏడుపు తప్ప మాట రాలేదు. అప్పుడు నువ్వు మధ్యలోంచి "మాట్లాడు వదినా, వింటోంది" అన్నావు. నేను మాట్లాడలేదు. పెట్టేశాను. మర్నాటికి అమ్మ లేదు.

ఎన్నో ఏళ్ళకి నువ్వు ఈ నాటకం పట్టుకుని వచ్చావు. నేను గరిటె చెవి దగ్గర పెట్టుకున్నాను. నువ్వు గోడ దగ్గర నిలబడి అదే గొంతుతో అదే మాట అన్నావు. కావాలనే పెట్టావేమో అని నీ ముఖం చూశాను. కాదు. నీకది రోజూ ఎందరితోనో అనే మాట, అంతే. నేను లేచాను. పాలు అన్నాను. ఆ తర్వాత ప్రతిసారీ పాలే. హాల్లో నాటకం చూడ్డానికి వచ్చినా ఆ సీను ముందే టీ తాగొస్తానని బయటికి వెళ్ళేదాన్ని. నీ నాటకం చివర నేను ఇంతవరకూ చూడలేదు.

అంత పెద్ద తెర మీద ఆ ముక్క వస్తుందని పిట్ట చెబితే, నా ఏడుపు ఊళ్ళన్నీ చూస్తాయని సిగ్గేసింది. అందుకే తీసెయ్యమన్నాను. నీ వేషానికే ఎసరు వస్తుందని తెలియదు. తెలిస్తే అననిద్దునా నా నోటిని!

అది ఖాళీ కాదు. జనం వెర్రివాళ్ళు కాదు. ఉంచుతావో తీస్తావో నీ ఇష్టం, నాకే అభ్యంతరమూ లేదు.

ఇంకొకటి కూడా ఉంది. ఆ రోజు లైను కలిపినందుకు నీకు నేను ఎప్పుడూ ఒక్క మాట చెప్పలేదు. మా అమ్మ ఊపిరైనా విన్నాను, నీ పుణ్యమే. ఇప్పుడు చెబుతున్నాను. నీ రుణం తీర్చుకోలేను.

మీ అన్నయ్య గుమ్మంలో నిలబడ్డాడు. ఇక ఆపుతాను.

నీ వదిన


జూలై 1

వదినా,

నీ కవరు నిన్న పొద్దున మేకప్ గదిలో నా చేతికిచ్చారు. చదవడం అయ్యేసరికి మేకప్ ఆయన పని మొత్తం పాడైపోయింది. పాపం ఒక్క మాట అనకుండా మళ్ళీ మొదలుపెట్టాడు. "ఇంట్లో అంతా బాగేనా అమ్మా?" అని మాత్రం అడిగాడు. "బాగే నాయనా, మా వదిన ఉత్తరం రాసింది" అన్నాను.

పిట్టని పక్కకి పిలిచాను. కోపంగా ఉన్నానని బెదురుతూ వచ్చింది పిచ్చిది. దగ్గరికి తీసుకుని, "ఆ మౌనం మళ్ళీ పెట్టవే, ఒక్కసారి చేస్తాను, కుదరకపోతే ఆ వేషం ఆవిడకే ఇచ్చెయ్యి" అన్నాను. ఎందుకని అడిగింది. "మీ అమ్మ ఒప్పుకుంది" అన్నాను. దానికి ఏమర్థమైందో మరి, సరేనంది.

నిర్మాత చేతులు కట్టుకుని కూర్చున్నాడు. పక్కన ఆ హీరోయిన్. లైట్లు వేశారు. నా ముందు దీపం వెలిగింది. తీగ పెట్టాను. "మాట్లాడండమ్మా, వింటున్నారు" అన్నాను.

ఆ తర్వాత నేను చేసిందేమీ లేదు వదినా. మందుల షాపు కౌంటరు దగ్గర నిన్ను చూశాను. వెనక జనం, షాపాయన చూపు, నీ చేతిలో ఫోను. ఆ రోజు నేను బోర్డు ముందున్నాను, నిన్ను చూడలేదు. నిన్న చూశాను. నువ్వు పెట్టేసేదాకా చూసి, తీగ లాగాను.

కెమెరా ఆయన ఇంకో టేకు తీద్దామా అని అడిగితే పిట్ట వద్దంది. నా దగ్గరికి వచ్చి, "అత్తా, ఎందుకో అమ్మ గుర్తొచ్చింది నాకు" అంది. తల నిమిరి పంపించేశాను. ఆ మందుల షాపు సంగతి చెప్పాలనుకుంటే నువ్వే చెప్పుకో. నిర్మాత లేచి చొక్కా సర్దుకుని, "రేపు ఆవిడకి పొద్దున్నే కారు పంపండి" అని మేనేజరుతో చెప్పి వెళ్ళిపోయాడు. ఆవిడంటే నేనే. ఆయన నోటి వెంట అంతకంటే రాదట. ఆ హీరోయిన్ మాత్రం వచ్చి నా రెండు చేతులూ పట్టుకుని, మా అమ్మకి ఫోన్ చేసుకుంటానండీ అని బయటికి వెళ్ళింది. మంచి పిల్ల. లేనిపోనివి అనుకున్నాను.

అవతలి వైపు ఎవరినీ చూపించకూడదని పిట్ట తేల్చేసింది. సినిమా మొదట్లో రచన అని మనిద్దరి పేర్లూ పక్కపక్కన వేయిస్తుంది. కాదనకు. ఈసారి నా మాట చెల్లాలి.

నా రుణం అన్నావు. అది తిరగేసి రాసుకో. డ్యూటీ నుంచి ఏ వేళకి వచ్చినా నాకు మూతపెట్టిన కంచం సిద్ధంగా ఉండేది. పగలంతా చాకిరీ చేసి, రాత్రి నా పిచ్చికోసం గరిటె పట్టుకుని కూర్చున్నావు. అక్కడ నీ గుండె పిండినట్టవుతున్నా, ఆ సీను వద్దని నాతో ఒక్కనాడూ అనలేదు. నేను నటినని ఎవరూ అనకముందు నువ్వన్నావు. నేనెలా తీర్చుకోవాలి అదంతా?

ఒక్కటి మాత్రం ఇవ్వగలను. అది నీదే, నా దగ్గర ఉండిపోయింది.

బోర్డు దగ్గర విన్నది బోర్డు దగ్గరే వదిలెయ్యాలని ఉద్యోగంలో చేరిన రోజే మాకు నూరిపోశారు. ఇంటికి వచ్చి మొగుడికైనా, తల్లికైనా చెప్పకూడదు. నేను ఏనాడూ చెప్పలేదు. ఆ ఫోన్ సంగతి నువ్వెప్పుడూ ఎత్తలేదు, మానిన దాన్ని రేపడం ఎందుకని నేనూ ఎత్తలేదు. మానలేదని ఇప్పుడు తెలిసింది.

ఆ రోజు నువ్వు పెట్టేశాక నేను వెంటనే తీగ లాగలేదు. అవతల మీ అమ్మగారు ఇంకా ఉన్నారు. నువ్వు ఏమీ మాట్లాడలేదని కదా ఇన్నాళ్ళూ బాధపడ్డావు. ఆవిడకి నీ ఏడుపు వినబడింది వదినా. నువ్వేనని తెలిసింది. మెల్లిగా, ఒక్కో మాటా కూడగట్టుకుని, "అది ఏడుస్తోంది. దాని దగ్గర ఎవరున్నారు?" అని అడిగారు.

"నేనున్నానండీ" అన్నాను.

"ఎవరు?"

"ఆడపడుచుని."

అన్నాక నాలిక కరుచుకున్నాను, ఆడపడుచు అని చెప్పకుండా ఉండాల్సిందేమో అనుకున్నాను. అప్పుడు ఆవిడ "అయితే ఫర్వాలేదు" అన్నారు.